మత్తు డాక్టరు దగ్గర దాచొద్దు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో అక్టోబర్ 16 సాయంత్రం జరిగిన సభలో ఒక మత్తు డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు కూర్చున్నారు. అంచేత అంకెలు చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్తగా చెప్తాను.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ ‘ఎనస్థీషియాలజిస్ట్’ అనే మాట దగ్గర రెండుసార్లు ఆగారు. ఆ మాటతో మనకి పని లేదు. మా అమ్మ పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే ‘మావాడు మత్తు డాక్టరు’ అంటుంది. వెంటనే అవతలావిడ ‘అయ్యో, ఆపరేషన్లు చెయ్యడా?’ అంటుంది. (నవ్వులు) చెయ్యను. ఆపరేషన్ చేసేవారికి కత్తి మీద చూపుంటుంది, నాకు మనిషి మీద ఉంటుంది. ఊపిరి, గుండె, బీపీ, ఒంటి వేడి, నొప్పి, ఇవన్నీ ఆ రెండు గంటలూ నా లెక్కలోకి వస్తాయి. ఇంజెక్షన్ ఇచ్చి బైటికెళ్ళి టీ తాగుతాడనుకుంటారు చాలామంది. టీ తాగుతాను, ఆపరేషన్ అయ్యాక.

ఈ తారీఖునే సభ ఎందుకు పెట్టామంటే, 1846లో సరిగ్గా అక్టోబర్ 16న అమెరికాలో బోస్టన్ ఆసుపత్రిలో విలియం మోర్టన్ అనే పళ్ళ డాక్టరు పదిమంది ముందు ఒక మనిషికి ఈథర్ పీల్పించాడు. వారెన్ అనే సర్జన్ అతని మెడ మీద కణితికి ఆపరేషన్ చేశాడు. అంతకు ముందు ఆపరేషన్ అంటే నలుగురు గట్టిగా పట్టుకోవడం, ఒకడు కొయ్యడం. ఎంత వేగంగా కోస్తే అంత గొప్ప సర్జన్. ఆ మరుసటేడు ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫారం మొదలుపెట్టాడు. మన తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. క్లోరోఫారం మనిషిని చంపేది గుండె ఆగా, ఊపిరి ఆగా అన్న తగువు తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు పనిచేసింది హైదరాబాదులో. ఆరో నిజాం డబ్బిచ్చాడు, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నడిపించాడు. గుండెకేం భయం లేదు, ఊపిరి చూసుకుంటే చాలన్నారు వాళ్ళు. ఆ మాట తప్పని తర్వాత తేలింది, గుండె కూడా ఆగుతుంది. అయినా ‘మనిషి ఊపిరి మీంచి కన్ను తియ్యకు’ అన్న పాఠం మాత్రం ఇప్పటికీ పాతబడలేదు. ఆ రోజుల్లోనే అక్కడ రూపాబాయి ఫర్దూన్జీ అనే ఆవిడ మత్తు ఇచ్చేది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనని చాలామంది అంటారు.

చరిత్ర ఇంతటితో చాలు. నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది.

మత్తు అంటే నిద్ర అనుకుంటారు. నిద్రపోయేవాణ్ణి గిల్లితే లేస్తాడు, గొంతులో నీళ్ళు పడితే దగ్గుతాడు. పూర్తి మత్తులో ఉన్నవాడు దగ్గడు. ఇవాళ్టి నా మాటలన్నీ ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతాయి. దగ్గు పోయిందంటే కాపలావాడు పోయినట్టు. పొట్టలో ఏముంటే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారిపోగలదు. అన్నం మెతుకులు, పుల్లని రసం. ఆ పులుపు ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. అందుకే మేం ‘ఏమీ తినొద్దు’ అంటాం.

నా చదువు కొత్తలో ఒక చిన్న ఆసుపత్రిలో జరిగింది. ఏ ఊరో చెప్పను. ఆరేళ్ళ గుంటడు, హెర్నియా ఆపరేషన్. ‘ఏమైనా పెట్టారా మామ్మా?’ అని అడిగాను. ‘ఏటీ పెట్టలేదు బాబూ, నా తోడు’ అంది. మత్తు ఎక్కుతుండగా వాంతి చేసుకున్నాడు. రెండు బిస్కెట్లు, పాలు. పక్కకి తిప్పి, నోరు శుభ్రం చేసి, ఎలాగో గట్టెక్కించాం గానీ మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆ మామ్మని నేనేమీ అనలేదు. పసివాడు ఆకలని ఏడుస్తుంటే చూడలేకపోయింది. తప్పు నాదీ ఉంది. ‘తినొద్దు’ అన్నాను గానీ ఎందుకు తినకూడదో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ తన ప్రాణం పోయినా పెట్టేది కాదు.

అప్పట్నుంచి నేను కారణం చెప్తాను. లెక్క ఇది. నూనె, మాంసం, పూరీల్లాంటి బరువు తిండికి 8 గంటలు. ఇడ్లీ లాంటి తేలిక తిండికి, పాలకి, పాలు పోసిన టీకి 6 గంటలు. తల్లిపాలకి 4 గంటలు. మంచినీళ్ళకి 2 గంటలు. మళ్ళీ చెప్తున్నాను, మంచినీళ్ళకి రెండే. రాత్రి పదింటి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యకుండా మర్నాడు మధ్యాహ్నం దాకా మనిషిని ఎండబెట్టడం పాత పద్ధతి. ఇప్పటికీ చాలాచోట్ల అదే నడుస్తోంది. దానివల్ల బీపీ పడిపోతుంది, నరం దొరకదు, తలనొప్పి, పైగా టెన్షన్. ఇప్పుడు మేమే ‘రెండు గంటల ముందు వరకూ నీళ్ళు తాగండి’ అని చెప్పి పంపిస్తున్నాం. ఇక్కడ మనవాళ్ళకి ఒక అనుమానం వస్తుంది. అన్నం పులిసిన తరవాణి నీళ్ళ సంగతేమిటి? ఒడియా వాళ్ళ తొరాణి అన్నా అదే. అదీ, గంజీ నీళ్ళ లెక్కలోకి రావు. గ్లాసులో పోసి అవతల పక్క పేపరు పెడితే అక్షరాలు కనబడాలి. కనబడకపోతే అది తిండే.

బరువు తగ్గడానికని, షుగరుకని వారానికోసారి పొట్ట మీద పొడుచుకునే ఇంజెక్షన్లు ఈమధ్య మన వైపుకీ వచ్చాయి. అవి పొట్టని మెల్లగా ఖాళీ చేయిస్తాయి. తినక ఎనిమిది గంటలైనా లోపల అన్నం ఉండొచ్చు. అది వాడుతున్నామని చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదు.

మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ‘ఫ్లోజిన్’తో ముగిసే మందులున్నాయి. మంచి మందులే. ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు ఆపిస్తాం. ఎందుకంటే ఉపవాసం, ఆపరేషన్ రెండూ కలిస్తే షుగర్ మామూలుగా కనబడుతూనే రక్తం పుల్లబడిపోగలదు. గుండెకి స్టెంటు వేసినవాళ్ళు రక్తం పల్చన చేసే మాత్రలు వేసుకుంటారు. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు వేసుకుని రావొద్దు. ఆపితే స్టెంటుకి ముప్పు, ఆపకపోతే నడుములో సూది వేసేచోట రక్తం కారే ముప్పు. ఎన్నాళ్ళు ఆపాలో గుండె డాక్టరు, మేము మాట్లాడుకుని చెప్తాం. నాటుమందు వాడుతున్నా చెప్పండి. నేను తిట్టను. మందుల పేర్లు గుర్తుండకపోతే అట్టలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. నాకు అంతకన్నా మంచి రిపోర్టు లేదు.

ఇక చుట్ట. (నవ్వులు) నవ్వుతారేంటి, వెనక వరసలో వాసన వస్తోంది నాకు. మన తీరం వైపు, గంజాం నుంచి శ్రీకాకుళం, విశాఖ దాకా, పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. బైటి ప్రపంచంలో ఎవరికి చెప్పినా నమ్మరు. ‘చుట్ట కాలుస్తావా అప్పా?’ అంటే పక్కన కోడలుందని ‘ఎప్పుడో మానేశాను’ అంటారు. నేను నోరు తెరవమంటాను. మత్తులో ఊపిరి అందించే గొట్టం గొంతులో వెయ్యడానికి దారెలా ఉందో చూడ్డానికి నాలుక బైటపెట్టి నోరు బాగా తెరవమనడం మా పరీక్షలో ఒక భాగం. అంగిలి చూస్తే మొత్తం చెప్పేస్తుంది. తెల్లగా మందమైన తోలు, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. మానడానికి నాలుగు వారాలుంటే మంచిది. ఊపిరితిత్తులు కఫం ఎత్తుకోవడం నేర్చుకుంటాయి, కుట్లు బాగా మానతాయి. అంత టైం లేకపోతే ఒక్క రోజు మానినా లాభమే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. ఒక రోజులో చాలావరకు దిగిపోతుంది.

మన జిల్లాకి, పక్క రాయగడకి, కోరాపుట్‌కి సంబంధించినది ఇంకోటుంది. సికిల్ సెల్. ఎర్ర రక్తకణం గుండ్రంగా కాకుండా కొడవలిలా వంకర తిరిగే జబ్బు, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కొండవాళ్ళలో ఎక్కువ, అలాగని మిగతావాళ్ళలో లేదనుకోవద్దు. దేశం మొత్తానికి దీని కోసం 2023 జూలై 1న ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టారు. ఈ మనిషికి ఆపరేషన్ గదిలో చలి వేసినా, ఒంట్లో నీళ్ళు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా ఆ కణాలు వంకర తిరిగి చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. విపరీతమైన నొప్పి, ఊపిరితిత్తులకి ముప్పు. తెలిస్తే మేం చేసేది చాలా మామూలు పనే. వెచ్చగా ఉంచుతాం, సెలైన్ పెడతాం, ఉపవాసం తగ్గిస్తాం, ఆక్సిజన్ చూసుకుంటాం. తెలియకపోతేనే కష్టం. ‘చిన్నప్పుడు ఎముకల నొప్పులని ఆసుపత్రిలో పడుకోబెట్టారా? కళ్ళు పచ్చబడేవా? ఇంట్లో ఎవరికైనా పదే పదే రక్తం ఎక్కించారా?’ అని నేను అడిగేది అందుకే. పెళ్ళికావాల్సిన పిల్లకి సికిల్ ఉందని బైటపడుతుందేమోనని తల్లులు దాస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. నాకు చెప్పింది నా దగ్గరే ఉంటుంది.

ఒకసారి గుమ్మ వైపు నుంచి ఒక సవర ఆవిడ వచ్చింది, సిజేరియన్‌కి. నా ఒడియా ఆవిడకి సగం అర్థమవుతోంది, తెలుగు పావు. తల ఊపుతోంది ప్రతిదానికీ. అన్నిటికీ ‘అవును’ అన్న మనిషి దేనికీ జవాబు చెప్పనట్టే. చివరికి వార్డులో ఊడ్చే అమ్మాయిని పిలిపించాం, ఆమెది సవర ఇల్లు. రెండు నిమిషాల్లో తేలింది: మొదటి కాన్పులో నడుము ఇంజెక్షన్ తర్వాత స్పృహ తప్పిందట. కారణాలు వెతికాం, జాగ్రత్తలు తీసుకున్నాం, బిడ్డ సుఖంగా పుట్టింది. ఈ ఊళ్ళోనే కదండీ గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసింది. మనం ఆయన బొమ్మకి దండ వేస్తాం గానీ, మన ఆసుపత్రిలో సవర తెలిసిన మనిషి కావాలంటే ఊడ్చే అమ్మాయే దిక్కు. ఆ రోజు నాకు సిగ్గేసింది.

నడుము ఇంజెక్షన్ అన్నాను కదా. మీరు ప్రశ్నలు రాసి పంపిన చీటీల్లో సగం దాని మీదే ఉన్నాయి. ‘సిజేరియన్‌కి నడుములో సూది వేశారు, పదేళ్ళైనా నడుం నొప్పి తగ్గలేదు.’ ప్రతి ఇంట్లో ఈ మాట ఉంది. చూడండి, వెన్నుపాము నడుము దాకా రాదు. దాదాపు కడపటి పక్కటెముక దగ్గరే అయిపోతుంది. ఆ కింద నీళ్ళసంచిలాంటి దాంట్లో గుర్రపు తోకలా నరాలు వేలాడుతుంటాయి. మేం సూది గుచ్చేది అక్కడ. మందు రెండు మూడు మిల్లీలీటర్లు. సూది మందం మామూలు ఇంజెక్షన్ సూదికన్నా తక్కువ. సూది వేసినచోట రెండు మూడు రోజులు నొప్పి ఉండొచ్చు, అది నిజం. కానీ పదేళ్ళ నడుం నొప్పి ఆ సూదిది కాదు. తొమ్మిది నెలలు బరువు మోసి వదులైన కీళ్ళది, వంగి పాలివ్వడానిది, కాన్పయిన నెలకే బిందె ఎత్తడానిది. నడుము సూది లేకుండా కన్నవాళ్ళకీ ఆ నొప్పి వస్తుంది.

తలనొప్పి మాత్రం ఆ సూదికి సంబంధించినదే. దాని గురించి ఒక కథ ఉంది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ ఈ పద్ధతి మొదలుపెట్టాడు. తన నడుములోనే వేసి చూడమని అసిస్టెంట్ హిల్డెబ్రాంట్‌కి చెప్పాడు. సూదికి సిరంజి సరిపడక బియర్ వెన్నునీరు కారిపోయింది, ప్రయోగం పాడైంది. అప్పుడు అసిస్టెంటు ‘నాకు వెయ్యండి’ అన్నాడు. వేశాడు. మొద్దుబారిందో లేదో చూడ్డానికి గిల్లాడు, జుట్టు పీకాడు, మోకాలి కింద ఎముక మీద ఇనప సుత్తితో కొట్టాడు. నొప్పి లేదు. ఆ రాత్రి ఇద్దరూ సంబరంగా వైను తాగి చుట్టలు కాల్చారు. మర్నాడు బియర్‌కి లేచి కూర్చుంటే తల పగిలిపోయేంత నొప్పి, తొమ్మిది రోజులు మంచం మీదే. అసిస్టెంటు కాళ్ళంతా కమిలిపోయాయి. సూది చేసిన కన్నంలోంచి నీరు కారడం వల్ల వచ్చే తలనొప్పి అది. ఇప్పుడు పెన్సిల్ మొన లాంటి సన్నని సూదులొచ్చాయి. అవి పొరని కొయ్యవు, పోగుల్ని పక్కకి జరిపి వెళ్తాయి. తలనొప్పి బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. లేచి కూర్చుంటే వచ్చి, పడుకుంటే పోయే తలనొప్పి అయితే మాకు కబురు చెయ్యండి. దానికి వైద్యం ఉంది.

చేతికో భుజానికో ఆపరేషన్ అయితే ఇప్పుడు మొత్తం మనిషిని మత్తులో ముంచక్కర్లేదు. కడుపులో బిడ్డని చూసే స్కానింగ్ మిషనే ఉంది కదా, దాన్ని మెడ దగ్గరో చంకలోనో పెట్టి నరాల్ని చూస్తాం. తేనెతుట్టె గదుల్లా కనబడతాయి. సూది ఎక్కడికెళ్తోందో చూస్తూ వాటి చుట్టూ మందు వేస్తే చెయ్యి మాత్రమే నిద్రపోతుంది. మీరు మాతో కబుర్లు చెప్పొచ్చు. ఒకాయన ఆపరేషన్ అంతసేపూ నాకు జీడితోట లాభనష్టాలు చెప్పాడు. వేరే దారి లేదు నాకు, వినాలి. (నవ్వులు)

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు మీకందరికీ తెలుసు. కరోనా అప్పుడు ఇళ్ళలోకి వచ్చేసింది. దాని సూత్రం కనిపెట్టినది 1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి. పెదాలు నీలం రంగు తిరిగే దాకా మేం ఎదురుచూడక్కర్లేకుండా చేసిన మనిషి. ప్రపంచమంతా ఆ క్లిప్పు కోసం వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన పోయాడు. ఆ క్లిప్పు కోసమే గోళ్ళరంగు తీసి రమ్మంటాం.

‘పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ వైపు?’ అని నలుగురు నాలుగుసార్లు అడుగుతారు. ‘వీళ్ళకి నా పేరు కూడా తెలీదా’ అని విసుక్కోకండి. అది కావాలని పెట్టిన పద్ధతి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పేజీ చెక్‌లిస్టు తెచ్చింది. ఢిల్లీతో కలిపి 8 నగరాల ఆసుపత్రుల్లో వాడి చూశారు. పెద్ద ఆపరేషన్ల తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు, అడగడం తప్ప. అడిగే మనిషికి జవాబు చెప్పండి, అంతే.

ఆపరేషన్ తర్వాత సంగతి. మా చిన్నప్పుడు పత్యం అంటే వారం రోజులు పాత బియ్యపు అన్నం, మిరియాల పొడి, మంచం దిగకూడదు. డెన్మార్క్‌లో హెన్రిక్ కెహ్లెట్ అనే సర్జన్ 1990ల్లో దీన్ని తిరగేశాడు. పేగు ఆపరేషన్ చేసినవాళ్ళని కూడా తొందరగా లేపి నడిపించాడు, తొందరగా తిండి పెట్టించాడు, నొప్పికి ముందే మందు వేయించాడు. జనం బేగి కోలుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఇప్పుడు అదే పద్ధతి. నర్సమ్మ సాయంత్రానికే లేచి కూర్చోమంటే ఆవిడకి దయలేదని కాదు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలని. నొప్పి ఓర్చుకుని గొప్ప అనిపించుకోవద్దు. నొప్పి ఉంటే లోతుగా ఊపిరి తియ్యరు, దగ్గరు, కఫం పేరుకుంటుంది. ఊపిరి కసరత్తుకి మూడు బంతుల పరికరం ఇస్తారు కదా, నూటికి తొంభైమంది దాన్ని బూరలా ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. పీల్చి బంతిని పైన నిలబెట్టాలి. ఇంటికెళ్ళాక ఈ ఒక్కటైనా చుట్టాలకి చెప్పండి.

టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పండమ్మా.

(సభలో ఒకావిడ: మా మేనత్తకి ఎనభై ఏళ్ళండీ. నిన్న పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో పెట్టాం. ఈ వయసులో మత్తు తట్టుకోదు, ఆపరేషన్ వద్దు, కట్టు కట్టించి ఇంటికి తీసుకుపోదామంటున్నారు మావాళ్ళు.)

మీవాళ్ళ భయం న్యాయమే గానీ లెక్క తిరగబడింది. ఆ వయసులో తుంటి విరిగి మంచాన పడితే చంపేది మత్తు కాదమ్మా, మంచం. పుళ్ళు, న్యుమోనియా, రక్తం గడ్డలు. వీలైతే ఆ రోజో మర్నాడో ఆపరేషన్ చెయ్యాలంటారు. ఆవిడ గుండెకి తగ్గట్టు నడుము ఇంజెక్షనా, పూర్తి మత్తా అన్నది అక్కడి డాక్టరు చూసుకుంటారు. ఈలోపు గజ్జ దగ్గర నరానికి మందు వేస్తే నొప్పి తగ్గుతుంది, వేస్తారేమో అడగండి. కళ్ళజోడు, చెవి మిషను ఉంటే దగ్గరే ఉంచండి. ఆపరేషన్ తర్వాత రెండు రోజులు తికమకగా మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ తేడా తెలియకపోవచ్చు. తెలిసిన గొంతు పక్కనుంటే అది తగ్గుతుంది. పొద్దుటి నుంచి ఆవిడకి ఏమైనా పెట్టారా?

(ఆవిడ: లేదండీ. ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో తెలీదని నిన్న సాయంత్రం నుంచి నీళ్ళు కూడా ఇవ్వలేదు.)

చూశారా. అయితే మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీ ఫోను ఇలా ఇవ్వండి, అక్కడెవరు డ్యూటీలో ఉన్నారో కనుక్కుందాం. ఈ రాత్రికి ఆపరేషన్ లేకపోతే ముందు ఆవిడకి అన్నం పెట్టించాలి.